పాచి మెట్టు మీద నల్ల బూట్లు

"నడవండి సేఠ్‌జీ. నాలుగంటే నాలుగే అడుగులు."

మా మరిది యిర్మియా ఆ మాట అనేసరికి గోల్ ఘర్‌లో ఆ బూట్ల దుకాణం ముందు పాతికమంది పోగయ్యారు. చేపల సంచి పట్టుకుని నేనూ ఉన్నాను. దుకాణం మధ్యలో నున్నటి గచ్చు మీద యిర్మియా కడవెడు నీళ్ళు కుమ్మరించేశాడు. సేఠ్ కాళ్ళ ముందు ఒక జత నల్ల తోలు బూట్లు పెట్టాడు. నెల కిందట ఆ సేఠే "వానలో జారవు భాయ్, మేరీ గ్యారంటీ" అని గుండె మీద చెయ్యేసుకుని మరీ అమ్మిన బూట్లు.

"వాడిన మాల్ వాపస్ తీసుకోను," అంటాడు సేఠ్.

"తీసుకోవద్దు. వేసుకుని నడవండి చాలు. మీరు జారకపోతే ఇవి నేనే పట్టుకుపోతాను. మళ్ళీ మీ గడప తొక్కను."

"నేనెందుకు నడవాలయ్యా?"

"గ్యారంటీ మీదే కదా."

జనం గొల్లుమన్నారు. వెనకనుంచి ఎవడో "చలో సేఠ్, చలో" అని కేకేశాడు. సేఠ్‌కి రోషమొచ్చింది. బూట్లు తొడుక్కున్నాడు. మొదటి అడుగు బాగానే పడింది. రెండో అడుక్కి చేతులు రెండూ గాల్లోకి లేచాయి. మూడో అడుగు ఆయన వెయ్యలేదు, బూటే వేసింది. గల్లాపెట్టె అంచు పట్టుకుని, పెళ్ళికూతురు పీట మీద కూర్చున్నంత మెల్లగా నీళ్ళలో కూర్చున్నాడు.

"లే లో భాయ్," అన్నాడు కూర్చునే. "ఇవి పెట్టి నీకేది కావాలో అది తీసుకో. ముందు నా దుకాణంలోంచి పో."

గెలిచాడు కదా, గెలిచినవాడు ఏం చెయ్యాలి? కాలరు సర్దుకుని బయటికి రావాలి. మావాడు సేఠ్‌ని చెయ్యి పట్టుకుని లేపాడు. మూలనున్న గుడ్డ తెచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని ఆ గచ్చంతా తనే తుడిచాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏరా, గెలిచి కూడా నేల తుడుస్తావేటి?"

"తుడవకపోతే ఇంకొకరు పడతారు వదినా."

ఆ మనిషి గురించి రాస్తున్నాను. నేను మూడో క్లాసుతో ఆగిపోయినదాన్ని. రాయాల్సిన అవసరం నాకు లేదు. కానీ మొన్న మన టౌను ఫుట్‌బాల్ కమిటీవాళ్ళు యాభై ఏళ్ళ పుస్తకం ఒకటి అచ్చేశారు. హిందీలో ఉంటే మా మనవరాలు చదివి వినిపించింది. అందులో ఏముందో తెలుసా? "తడి నేల మీద పట్టుండే నల్ల బూట్ల పద్ధతి ఆనాటి సెక్రటరీ గారి ముందుచూపు వల్ల వచ్చింది" అట. ముందుచూపు! ఆయన చూపు ఏనాడూ తన బూటు మెరుపు దాటి ముందుకు పోలేదు. యిర్మియా పేరు ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. ఒక ఫొటోలో మాత్రం అతని కాళ్ళున్నాయి. మోకాళ్ళ కిందనుంచి. అందుకని మన చర్చి పత్రికలో నాకు నాలుగు పేజీలు కావాలని పాస్టరుగారిని అడిగి తీసుకున్నాను. కోపం తగ్గించి రాయమన్నారు. సరేనన్నాను. తగ్గలేదు.

మా మావగారు స్వాతంత్ర్యం వచ్చిన నాలుగైదేళ్ళకి భీమిలి దగ్గరనుంచి కూలిపనికి ఓడెక్కి సముద్రం దాటి ఈ దీవికి వచ్చారు. మిన్నీ బేలో రేకుల ఇల్లు కట్టుకున్నారు. ఆయనకి ఇద్దరు కొడుకులు. పెద్దాయన బాలస్వామి, నా పెనిమిటి. చిన్నవాడు యిర్మియా. నేను తుష్నాబాద్ నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చేటప్పటికి అతనికి పదిహేనేళ్ళు. అత్తగారు లేరు. అతనికి అన్నం పెట్టిందీ నేనే, తిట్టిందీ నేనే. పెద్దయ్యాక ఫెర్రీ బోటు మీద లష్కరుగా చేరాడు. బోటు జెట్టీకి ఆనుతుంటే తాడు పట్టుకుని ముందు దూకేది లష్కరే. తడి చెక్క మీద, పాచి పట్టిన సిమెంటు మీద వట్టి కాళ్ళతో దూకాలి. జారితే బోటుకీ జెట్టీకీ మధ్య నలిగిపోతాడు. అందుకని ఏది జారుతుందో, ఏది పట్టిస్తుందో ఆ మనిషి పాదానికి తెలిసినట్టు ఈ ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. నన్నడిగితే ఇంజినీర్లకీ తెలియదు.

సాయంత్రం డ్యూటీ దిగితే అన్నదమ్ములిద్దరికీ ఫుట్‌బాలే. ఆడటం కాదు, ఆడించడం. యిర్మియా రెఫరీ, మా ఆయన లైన్స్‌మన్. పైస రాదు. వచ్చేదల్లా జనం తిట్లు. మా వీధి కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెల కోసం జుట్లు పట్టుకుంటే యిర్మియా ఇంట్లోంచే విజిల్ ఊదేవాడు. అందరూ ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోయేవారు, నాతో సహా.

డెబ్భై మూడో సంవత్సరం వానలు పడకముందు కమిటీకి కొత్త సెక్రటరీ వచ్చాడు. మెయిన్‌లాండ్ మనిషి, పెద్ద ఆఫీసులో పెద్ద కుర్చీ. వస్తూనే కాగితం తీశాడు. రెఫరీలు, లైన్స్‌మన్లు అందరూ నల్ల తోలు బూట్లే వెయ్యాలి, పాలిష్ చేసి ఉండాలి అని. పంద్రాగస్టు ఫైనల్‌కి పెద్దపెద్దవాళ్ళు వచ్చి షామియానాలో కూర్చుంటారు, వాళ్ళ కళ్ళకి ఇంపుగా ఉండాలట.

నల్లవి అన్నందుకు యిర్మియా ఏమీ అనలేదు. ఆ మాట అతనికి ఇష్టం కూడా. "రెఫరీ కాలికి ఏ రంగున్నా జనం ఆ రంగు జట్టు మనిషనుకుంటారు వదినా. నలుపు ఎవరి రంగూ కాదు," అనేవాడు. అన్నదమ్ములిద్దరూ ఆ సేఠ్ దగ్గరే చెరో జతా కొన్నారు. పెళ్ళిబట్టల్లా ఇంటికి తెచ్చి తుడుచుకున్నారు.

జూన్‌లో, వాన దంచుతున్న మూడో రోజు, మా ఆయన గీత వెంబడి బంతితో పాటు పరిగెడుతూ జెండా ఎత్తాడు. ఎడమ కాలు ముందుకు పోయింది. కుడి కాలు ఉన్నచోటే ఉండిపోయింది. ఆ చప్పుడు నాకు వినబడలేదు కానీ యిర్మియాకి గ్రౌండు నడిమధ్యలో వినబడిందట. తుంటి విరిగింది. మా ఆయన మళ్ళీ కర్ర లేకుండా నడవలేదు, పోయేదాకా. పడినప్పటికి ముప్పై నాలుగేళ్ళ మనిషి.

సెక్రటరీ చూడటానికి రాలేదు. మాట ఒకటి పంపాడు. "చూసుకుని నడవాల్సింది" అని.

ఆ మాట నేనింకా మింగలేదు.

దాని తరవాతే సేఠ్ దుకాణంలో ఆ నీళ్ళ గొడవ. యిర్మియా తన జత ఇచ్చేసి వేరేవి వెతికాడు. దుకాణమంతా తిరగేసినా నల్లవన్నీ నున్నగా ఉన్నాయి, పట్టున్నవన్నీ తెల్లగా ఉన్నాయి. చివరికి తెల్ల కాన్వాసు బూట్లు తెచ్చాడు, కింద గరుకు రబ్బరున్నవి. వాటిని నల్లగా చేసే పని నా నెత్తిన పడింది. కిరసనాయిలు దీపం మసి, కొబ్బరినూనె, డబ్బాడు నల్ల పాలిష్ కలిపి మూడు పూతలు పూశాను. కాకి కూడా సిగ్గుపడేటంత నల్లగా వచ్చాయి. మర్నాడు మ్యాచ్‌లో వాన వచ్చింది. పావుగంటలో నలుపంతా మేజోళ్ళ మీదికి, మేజోళ్ళ మీదనుంచి బురదలోకి. మావాడు ఒక కాలు తెలుపు, ఒక కాలు బూడిద రంగుతో పరిగెడుతుంటే జనం మేకపిల్లల్లా అరిచి వెక్కిరించారు. తప్పు నాదే. ఆ రోజు నా మీద నాకే కోపం వచ్చింది. అలాంటివి తక్కువ నాకు.

"పోలీసు బూట్లడగరాదా?" అన్నాను.

"బరువు వదినా. వెనక్కి వెనక్కి పరిగెత్తాలి నేను. మడమ ఎత్తుగా ఉంటే వెల్లకిలా పడతాను."

"ఆటగాళ్ళవి మేకులున్న బూట్లుంటాయి కదా?"

"మన జట్లల్లో సగం మంది వట్టి కాళ్ళతోనే ఆడుతున్నారు. నా మేకు ఒకడి వేలు మీద పడితే?"

చూశారా, వాడి బాధల్లో కూడా ముందు ఇంకొకడి వేలే.

మా ఆయన మంచం మీదనుంచి అంతా వింటున్నాడు. మూలనున్న తన బూట్లు చూపించాడు. బురద కడిగి నేనే పెట్టాను అక్కడ. పారెయ్యడానికి చెయ్యి రాలేదు, చూడటానికి కన్ను రాలేదు.

"పైతోలు బాగుంది తమ్ముడూ," అన్నాడు. "తప్పంతా అడుగుదే. అడుగు మార్చు. నేనెలాగూ పరిగెత్తను. అవైనా పరిగెత్తనీ."

యిర్మియా ఆ బూట్లు పట్టుకుని గోల్ ఘర్ మలుపులో చెప్పులు కుట్టే అప్పలకొండ దగ్గరికి పోయాడు. నేనూ వెంట పోయాను. వాడిని ఒక్కణ్ణి పంపితే బేరం ఆడడు, ఎదురు టీ తాగించి వస్తాడు. అప్పలకొండ జీపు టైరు ముక్క తీశాడు, గాడి ఇంకా అరగనిది. యిర్మియా ఆ గాళ్ళ మీద బొటనవేలు నొక్కి నొక్కి చూశాడు.

"గాళ్ళు అడ్డంగా ఉండేలా కొయ్యి అప్పలకొండా. నిలువుగా ఉంటే నీరు బయటికి పోదు. మడమ, వేళ్ళు ఒకే ఎత్తు. ముందు బొటనవేలంత జాగా వదులు."

"మేకులు కొట్టేదా?"

"మేకు వద్దు. టంగూసుతో కుట్టు."

టంగూసంటే వల అల్లే నైలాను దారం. ఉప్పునీళ్ళలో ఏళ్ళతరబడి నానినా తెగదు. అప్పలకొండ నవ్వాడు. "బూటా, చేపల వలా భాయ్?" అన్నాడు. అన్నాడు కానీ రెండు పూటలు కూర్చుని, కుట్టు బయటికి కనబడకుండా కుట్టాడు. పైన చూస్తే నల్ల తోలు బూటు. తిప్పితే జీపు. అన్న పాదం పెద్దది కాబట్టి మేజోళ్ళు రెండేసి జతలు తొడుక్కున్నాడు. తాళ్ళు రెండు ముళ్ళు వేసి, మిగిలిన కొసలు కోసేశాడు, ఎవరి కాలికీ తగలకుండా.

ఇక పరీక్ష. మిన్నీ బేలో డుంగీలు, అంటే చిన్న పడవలు, కట్టుకునే చోట సిమెంటు మెట్లున్నాయి. ఆటు వేళ, నీళ్ళు వెనక్కి పోయినప్పుడు, కింది మెట్లు బయటపడతాయి. మూడో మెట్టు మీద పచ్చటి పాచి, అరచేతి మందం. నత్త కూడా దాని మీద ఆలోచించుకుని నడుస్తుంది. కింద పదునైన రాళ్ళు. యిర్మియా ఏ బూటు తెచ్చినా ఆ మెట్టు మీద నిలబడి, ఒంటికాలి మీద తిరిగి, వెనక్కి రెండడుగులు వేసి చూసేవాడు. తెల్ల బూట్లూ అక్కడ నెగ్గినవే. పోయింది నా నలుపు. నడుముకి బోటు తాడు. ఆ తాడు కొస నా చేతిలో. పై మెట్టు మీద కాళ్ళు తన్నిపెట్టి నేను పట్టుకునేదాన్ని.

"ఒగ్గేయకు వదినా."

"ఒగ్గేస్తే పీడా పోతుంది, నడువు."

ఆ రోజు మాత్రం తాడు బిగియలేదు. ఆ బూట్లతో మూడో మెట్టు మీద నిలబడ్డాడు, తిరిగాడు, వెనక్కి నడిచాడు, చివరికి గెంతాడు. పాచి లేచి వచ్చింది కానీ మనిషి కదలలేదు. పైకి చూసి పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. వాళ్ళ అన్నయ్య తుంటి విరిగాక అతను నవ్వడం అదే మొదలు.

ఇదంతా అయ్యాక కమిటీకి చూపించాలి కదా. ఫైనల్‌కి రెఫరీ ఎవరన్నది పదమూడో తారీకు మీటింగులో తేలుతుంది. యిర్మియాకి ఆ ఫైనల్ కావాలి. చప్పట్ల కోసం కాదు. అన్న బూట్లు ఆ గ్రౌండు మీద తొంభై నిమిషాలు పడకుండా నిలబడాలి. తప్పు మనిషిది కాదు, బూటుదని ఊరందరి కళ్ళ ముందూ తేలాలి. అంతకన్నా ఆ ఇంట్లో మాకు ఇంకేమీ అక్కర్లేకపోయింది.

మీటింగు గదిలోకి ఆడవాళ్ళు రాకూడదట. నేను వరండాలో కిటికీ దగ్గర నిలబడ్డాను. కిటికీకి అద్దాలు లేవు, నాకు అదే చాలు.

సెక్రటరీ బూటు తీసుకుని తిప్పాడు.

"యే క్యా హై? టైరా? నువ్వు రెఫరీవా, ట్రక్కువా?"

అందరూ నవ్వారు. యిర్మియా నవ్వు అయ్యేదాకా ఆగాడు. "టైరు కూడా నల్లదే సాబ్," అన్నాడు.

"షామియానాలో ఎవరొచ్చి కూర్చుంటారో తెలుసా? వాళ్ళ ముందు టైరు చెప్పులతో తిరుగుతావా?"

"వాళ్ళు నా అడుగు చూడరు సాబ్. నేను పడితే మాత్రం చూస్తారు."

"పడేవాడు ఏ బూటుతోనైనా పడతాడు. మీ అన్న పడలేదూ? కళ్ళు నేల మీద పెట్టుకోకపోతే బూట్లదా తప్పు?"

నేనింక ఆగలేదు. కిటికీ ఊచలు రెండు చేతులా పట్టుకున్నాను.

"లైన్స్‌మన్ కళ్ళు బంతి మీదుండాలా, నేల మీదుండాలా సాబ్? ముందది తేల్చండి! మీ బూట్లకి ఎప్పుడైనా బురదంటిందా? ఒక్కసారి, ఒక్క చుక్క? షామియానాలోంచి కారుకీ, కారులోంచి కుర్చీకీ నడిచేవాళ్ళు మాకు నడక నేర్పుతారా?"

"ఈవిడెవరు?" అన్నాడు సెక్రటరీ.

"తుంటి విరిగినాయన భార్య," అన్నాడు యిర్మియా. "ఆమెకి అడిగే హక్కుంది."

అప్పుడు యిర్మియా బల్ల మీద ఒక బూటు, చేతిలో ఒక బూటు పెట్టుకుని మెల్లగా, సేఠ్‌తో మాట్లాడిన గొంతుతోనే చెప్పాడు.

"కాగితంలో నల్ల తోలు బూట్లని ఉంది. అడుగు గురించి ఏమీ లేదు. అయినా నేను కాగితం పట్టుకుని కొట్లాడను. రేపు పదకొండింటికి ఆటు. మిన్నీ బే మెట్ల దగ్గరికి మీరంతా రండి. మీ బూట్లతో మీరు, నా బూట్లతో నేను, మూడో మెట్టు మీద నిలబడదాం. మీరు నిలబడగలిగితే నా విజిల్ అక్కడే మీ చేతిలో పెట్టేస్తాను. మళ్ళీ గ్రౌండులోకి రాను. మీరు జారితే ఈ బూట్లతోనే ఫైనల్ ఆడించనివ్వండి."

కమిటీలో ముసలి మెంబరు ఒకాయన దగ్గు నటిస్తూ నవ్వుకున్నాడు. "సాబ్, నిలబడటమే కదా," అన్నాడు. పదిమంది ముందు భయమని ఎలా చెబుతాడు? సెక్రటరీ మెడ బిగించి "ఠీక్ హై, వస్తాను" అన్నాడు.

ఆ బూట్లు పదకొండు వానాకాలాలు తొక్కాయి. అప్పలకొండ నాలుగుసార్లు టైరు మార్చాడు, మిగతా రెఫరీలందరికీ కూడా వాడే కుట్టాడు. ఇది దాచిపెట్టి మిమ్మల్ని ఊరించడం నాకు చేతకాదు కాబట్టి ఇక్కడే చెప్పేస్తున్నాను. యిర్మియా గెలిచాడని ఈ ఊళ్ళో ముసలివాళ్ళందరికీ తెలుసు. పుస్తకం అచ్చేసినవాళ్ళకే తెలియదు. కానీ ఆ పదమూడో తారీకు సాయంత్రం మా ఇంట్లో ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. నేను ఇన్నాళ్ళూ చెప్పలేదు కాబట్టి.

ఇంటికొచ్చేటప్పటికి ఇంకా వెలుగుంది. నేను బియ్యం చెరుగుతున్నాను. బియ్యం కన్నా నా నోరు ఎక్కువ చెరుగుతోంది. "రానీ. నిలబడనీ. రాళ్ళ మీద పడి వాడి తుంటి కూడా విరగనీ. మంచాన పడి మూడు నెలలు పైకప్పు లెక్కపెట్టుకుంటే అప్పుడు తెలుస్తుంది, చూసుకుని నడవటమంటే ఏమిటో." మా ఆయన మంచం మీదనుంచి "ఊరుకోవే మేరమ్మా" అన్నాడు. నేను ఊరుకోలేదు.

యిర్మియా మేకుకి వేలాడుతున్న బోటు తాడు దించాడు. గుమ్మంలో కూర్చుని, బారు బారుగా సాగదీసి, ఎక్కడైనా పురి విడిందేమోనని చేత్తో తడుముతూ చూశాడు. బోటు మీద పనికి పోయేటప్పుడు చూసుకున్నట్టే.

"ఎందుకురా? నీకు తాడక్కర్లేదు కదా ఆ బూట్లకి?"

"నాకు కాదు వదినా. ఆయనకి."

చేట కింద పెట్టాను.

"ఆయన నడుముకి కట్టాలి. కొస నువ్వు పట్టుకోవాలి."

"నేనా? మీ అన్నని ఇలా పడుకోబెట్టినవాడికి, తాడు నేను పట్టాలా? నీకు మతి ఉందా? ఫెర్రీలో లష్కర్లు లేరా? ఎవర్నైనా పిలువు."

"వాళ్ళు నవ్వుతారు వదినా. నవ్వితే చెయ్యి వదులవుతుంది. నీకు కోపమొస్తే పిడికిలి ఎలా బిగుసుకుంటుందో నేను చిన్నప్పట్నుంచీ చూశాను కదా."

మా ఆయన మంచం మీద మొహం అటు తిప్పుకున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నాకు కనబడలేదు.

"ఆయన జారతాడు. నాకు తెలుసు, ఆ బూట్లు రెండో మెట్టు మీదే జారతాయి," అన్నాడు యిర్మియా. తాడు చుట్ట చుట్టి తెచ్చి, నా ఒళ్ళో పెట్టాడు. "కింద రాళ్ళున్నాయి. మనకి మంచాన పడ్డవాడు అన్న ఒక్కడు చాలు. ఆయన జారినప్పుడు, నువ్వు ఎంతైనా తిట్టు, ఊరంతా వినేలా తిట్టు. తాడు మాత్రం ఒగ్గేయకు వదినా."